నీలం డబ్బా, పసుపు డబ్బా

“ఇదేందే నాగలతా! నా ట్రంకుపెట్టెకు నీలం పూస్తాండావు?”

యల్లమ్మ గడప అవతలి నుంచే అరిచింది. పెండ్లయి కాపురానికి వచ్చిన నాడు తనతో పాటు ఎద్దులబండి మీద వచ్చిన పెట్టె అది. తుప్పు పట్టిందేమో గానీ తనది. ఇప్పుడు దాని మూత నీలంగా నిగనిగలాడుతోంది. పెద్ద కోడలు నాగలత దాని మీద తెల్లటి పూలు దిద్దుతోంది.

“పాతవి పారెయ్యకుండా ఇట్లా ముస్తాబు చేసుకుంటారత్తా. ఫోన్లో చూపిస్తి గదా నీకు.”

“చూస్తి లేవే. గొర్రె వీపుకు రంగు పూస్తారు, తప్పిపోతే మనదని తెలిసేదానికి. ఇంట్లో సామాను యాడికి తప్పిపోతాదని?”

వంటింట్లో చిన్న కోడలు కవిత పకపకా నవ్వింది. పులివెందుల పిల్ల. నవ్వినా వీధి చివర దాకా వినబడుతుంది. ఆమె చేతిలో పసుపు డబ్బా. ఖాళీ నూనె డబ్బాల మూతలు కోసి, పసుపు పూసి, తీగమొక్కలు నాటి కిటికీకి వేలాడదీసింది. గిన్నెలు పెట్టుకునే నాపరాయి అరకు పసుపు. చల్లకుండకూ పసుపే.

“దాంట్లో ఇంక చల్ల చిలికేదెట్లనే?”

“ఇప్పుడంతా ప్యాకెట్టు పెరుగే గదత్తా! ఆ కుండను మూలన పెట్టి నెమలీకలు గుచ్చుతా. ఎంత బాగుంటాదో చూడు.”

జమ్మలమడుగు నుంచి రంగుడబ్బాలు వచ్చింది మొదలు ఇదే వరస. ట్రాక్టరు పాత టైరు నీలం పీట అయింది. జొన్నలు పోసే డ్రమ్ము పసుపు బల్ల అయింది. యల్లమ్మ ఒకదాని కోసం అరిచేలోగా ఇంకొకటి ఎండలో ఆరుతూ ఉండేది. కూర్చోబోతే “అత్తా, తడి!” ఆనుకోబోతే “అత్తా, తడి!” సొంత ఇంట్లో చెయ్యి పెట్టడానికి చోటు లేకపోయింది.

అయినా ఆమె మాట పెరగనిచ్చేది కాదు. మొన్నమొన్నటి దాకా తోడికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి దగ్గర ఎడమొహం పెడమొహం. ఒకామె పెట్టిన ఎసరు ఇంకొకామె దించదు. ఇల్లు ఎప్పుడు చీలుతుందోనని యల్లమ్మకు అన్నం సహించేది కాదు. ఈ చూరు కింద రెండో పొయ్యి వెలిగే లోపే తన కన్ను మూతపడాలని మొక్కుకునేది.

అట్లాంటిది ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

“ఆ బ్రష్షు ఇట్లియ్యక్కా.”

“ఇంద కవితా.”

ఆ రెండు మాటల కోసం ట్రంకుపెట్టే కాదు, ఇంకేది పోయినా పోనీ అనుకుంది. అనుకుందే గానీ, గోడ మీద మొగుడి పటం చూసేసరికి ఆగలేకపోయింది. చేని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న పెద్దకొడుకు జయచంద్రను నిలదీసింది.

“మీ నాయన పటం చట్రానికి కూడా నీలం పూసిందిరా నీ పెండ్లాం! ఆ మనిషి బతికుంటే తలపాగాకూ పూసేదేమో. అడగవేంరా?”

జయచంద్ర తల ఎత్తలేదు. “పోనీలేమ్మా. కొట్లాడుకోకుండా చేసుకుంటాండారు గదా.”

పక్కనే ఉన్న చిన్నకొడుకు శివప్రసాద్, దూడను కట్టెయ్యాలంటూ బయటికి పోయాడు. దూడ కట్టేసే ఉంది.

ఇక మిగిలింది యల్లమ్మ నులకమంచం. మొగుడు తన చేత్తో అల్లింది. దాన్ని కాపాడుకోవడానికి ఆమె పగలు కూడా దాని మీదే కూర్చోవడం మొదలుపెట్టింది.

“దీని జోలికొస్తే చేతులిరగ్గొడతా, చెప్తాండా!”

“నీ మంచం జోలికి నేను రానులే అత్తా,” అంది నాగలత.

“నేనూ రానత్తా,” అంది కవిత.

ఇద్దరిదీ ఒకే మాట. యల్లమ్మ కడుపు చల్లబడింది.

మరుసటి రోజు కోడళ్లిద్దరూ చేనికి పోయారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. రంగులన్నీ ఆరిపోయాయి. వక్కాకు సంచి కోసం యల్లమ్మ మంచం దిగి నడిమింట్లోకి వచ్చింది.

తలుపు ఒక రెక్క నీలం. ఇంకో రెక్క పసుపు. బాగానే ఉంది అనుకుంది. నీళ్ల బిందెలు రెండు. ఒకటి నీలం, ఒకటి పసుపు. అదీ బాగానే ఉంది. మూలన రోలు నీలం.

రోకలి పసుపు.

ఆమె చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. ముస్తాబు కోసమైతే రోలునూ రోకలినీ ఎవరైనా విడదీస్తారా?

మళ్లీ మొదటి నుంచి చూసింది. పెట్టె, పీట, పటం, రోలు. చల్లకుండ, అర, డ్రమ్ము, రోకలి. నీలమంతా ఒక చేతిది. పసుపంతా ఒక చేతిది.

గొర్రెకు రంగు పూసేది తప్పిపోయినప్పుడు గుర్తుపట్టడానికే కాదు. ఆ రెండో పని ఆమెకు తెలియనిది కాదు. పెద్దముడియం బీడులో తన మొగుడూ మరిదీ మంద పంచుకున్న నాడు ఎర్రరంగు తట్ట పట్టుకుని నిలబడింది తనే. ఎర్రవి మావి, పచ్చవి వాళ్లవి. చెరొక దిక్కుకు తోలుకుపోయాక బీడు నడుమ ఒక ముసలి గొర్రె మిగిలిపోయింది. ఈనదు, పాలియ్యదు. దాని వీపు మీద ఇటువాళ్లూ చెయ్యి పెట్టలేదు, అటువాళ్లూ పెట్టలేదు.

యల్లమ్మ మోకాళ్ల నొప్పి మరిచి మంచం దగ్గరికి పరుగెత్తి, నేల మీద కూలబడి, పట్టెలూ నాలుగు కోళ్లూ ఒక్కొక్కటే తడిమి తడిమి చూసింది, ఎక్కడైనా ఒక్క చుక్క, నీలమో పసుపో, ఏదో ఒకటి అంటి ఉంటుందేమోనని.