చీటీ మీద నలభై మూడు పేర్లు

ముప్పై ఏడో పేరు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు చీమ తలకాయలంత అయ్యాయి. సెర్వా చెయ్యి ఆపి వెనక్కి తిరిగింది.

"ఇంక చోటు లేదు పెద్దయ్యా. అరచేయంత చీటీ. మధ్యలో చిల్లు కూడాను."

వంశానికి పెద్ద అయిన ద్వోమో కళ్లజోడు సర్దుకుని కంప్యూటర్ తెర మీదికి వంగాడు. "చిల్లు ఎవరు పెట్టమన్నారు?"

"డిస్కు అన్నాక ఉంటుంది కదా."

"సరేలే. బోయాటెన్ పేరు ఏది?"

"ఇదుగో, పదకొండోది."

"పదకొండా? వాడు అంత్యక్రియలకి మూడు గుడారాలు వేయించాడు పిల్లా. మూడో పేరు చెయ్యి. పక్కన హాంబర్గు అని వెయ్యి. ఉత్త పేరేస్తే మన మాంపోంగ్‌లో ఉండే బోయాటెన్ అనుకుంటారు."

సెర్వా అమ్మమ్మ పోకువా పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. ఆ రోజు అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్లొచ్చాక, ఇంటికొక డిస్కు పంచాలని పెద్దలు తీర్మానించారు. వేరుశనక్కాయలు ఒలుస్తూ అమ్మమ్మ పాడిన పాట ఒక పాత క్యాసెట్టులో మిగిలింది. టేపు రెండు చోట్ల తెగితే సెర్వాయే జాగ్రత్తగా అతికించి కంప్యూటర్లోకి దింపింది.

పని బాగా చేస్తే, అమ్మమ్మ కుట్టుమిషను ఉండే వీధిగది సెర్వాకి ఇస్తామన్నారు. ఇంట్లో మూలన చేసుకునే ఈ పనినే అక్కడ కొట్టుగా పెట్టుకోవచ్చు. ఏ ఒక్కరు తప్పు పట్టినా గది ఓసేకి వెళ్తుంది. ఓసే ఆమె పెద్దమ్మ కొడుకు. ఫోన్ల తొడుగులు అమ్ముతాడు. అప్పుడే వచ్చి గది కొలతలు తీసుకుపోయాడు.

"ముందు పాట ఎక్కిస్తాను పెద్దయ్యా," అంది సెర్వా. "చీటీ తర్వాత అతికిద్దాం. చీటీ ఉంటే పాట ఎక్కించే మిషను సతాయిస్తుంది."

"పాటదేముంది, అది ఎక్కడికి పోతుంది? ముందు చీటీ పెద్దలందరూ చూడాలి. నలభై డిస్కులకీ అతికించి పట్టుకురా."

గడప మీద కూర్చున్న అఫ్రకోమా నవ్వింది. ఆవిడ అమ్మమ్మకి చెల్లెలు. చూపు పోయి పదేళ్లయింది. "నాకు చీటీ వద్దే సెర్వా. నాకెందుకు, కాగితం దండగ. అక్క గొంతు వినిపిస్తే చాలు."

"చీటీ లేకపోతే అది మన వంశం డిస్కు అని ఎలా తెలుస్తుంది?" అన్నాడు ద్వోమో.

"వింటే తెలుస్తుందిరా."

ఆయన వెళ్లగానే సెర్వా ఆవిడకి ఒకటి చేసి ఇచ్చేసింది. నలభై ఒకటోది అది, లెక్కలోకి రానిది.

గురువారం పెద్దలు కూర్చుని చీటీని భూతద్దంతో చదివారు. ద్వోమో రెండో భార్య పేరు లేదు. సెర్వా అన్నీ పీకి కొత్తవి అతికించింది. శుక్రవారం పొద్దున ఇంకో చిక్కు వచ్చింది. ఫోటోలో అమ్మమ్మ మెళ్లో బంగారు గొలుసు లేదు.

"ఆవిడ ఆ గొలుసు వేసుకోనేలేదు పెద్దయ్యా."

"పోయాకైనా వేసుకోనీ."

గొలుసు వేశారు. మధ్యాహ్నానికి అల్లుళ్లు అలిగారు. సాయంత్రానికి కోడళ్లు. నలభై మూడు పేర్లూ పట్టి, నలుగురికీ నచ్చి, ఎనిమిదోసారి అతికించేటప్పటికి శనివారం పొద్దు వాలిపోయింది.

ఆదివారం సెర్వా సంచి పట్టుకుని డిస్కులు పంచింది. ఎవరూ ఆమె మొహం చూడలేదు. డిస్కు తీసుకున్న ప్రతివాళ్లూ వెలుతురుకి తిప్పి తమ పేరు వెతుక్కున్నారు. దొరికినవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఓసే మాత్రం తన డిస్కుని అటూ ఇటూ తిప్పి, గోటితో అంచు గీకి చూశాడు.

"ఊడదు," అంది సెర్వా.

"చూస్తున్నాలే," అన్నాడు.

మరుసటి ఆదివారం దాకా ఆమెకి ముద్ద దిగలేదు. ఆ రోజు పెద్దలు మళ్లీ కూర్చున్నారు. ద్వోమో గొంతు సవరించుకున్నాడు.

"హాంబర్గు నుంచి బోయాటెన్ ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి తన వాటా డిస్కు పట్టుకెళ్లి ఇచ్చాడట. మూడుసార్లు విన్నాడట, మూడుసార్లూ ఏడ్చాడట. నేనూ విన్నాను. పాట అద్దంలా ఉంది."

"మా ఇంట్లో అయితే పిల్లలు కూడా కదలకుండా విన్నారు," అన్నాడో అల్లుడు.

"ఆ గొంతు! పక్కనే కూర్చుని పాడినట్టుంది," అంది ఒక కోడలు. మిగతావాళ్లు తలలూపారు.

"తప్పు పట్టేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

ఓసే నోరు తెరిచి, అందరి మొహాలూ చూసి, మూసుకున్నాడు. "నేనూ విన్నాను. బాగుంది," అన్నాడు చివరికి.

గడప మీంచి అఫ్రకోమా అంది, "రెండో చరణంలో అక్క ఆగి కోడిని అదిలిస్తుంది చూడండి. అది తీసేయకుండా ఉంచావు సెర్వా. మంచిపని చేశావు. రోజూ అక్కడే నవ్వొస్తుంది నాకు."



"కోడా?" అన్నాడు ద్వోమో.

"కోడేరా. నువ్వు వినలేదూ?"

ద్వోమో చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. "ఆఁ, కోడి. వినకపోవడమేమిటి. కోడి దగ్గరే నాకు కన్నీళ్లాగలేదు."

"నాకూ కోడి దగ్గరే," అన్నాడు ఓసే.

ద్వోమో లేచి వీధిగది తాళంచెవి సెర్వా చేతిలో పెట్టాడు. ఆమె తల ఎత్తకుండా అందుకుంది.

పాట ఎక్కింది చీటీ లేని ఆ ఒక్క డిస్కులోనే.