ఏడో మజిలీలో చింతపండు

ఊళ్లోని పాత కట్టడాలు చూపించే నడకదారిలో వరహాలమ్మ ఇల్లు ఏడో మజిలీ. జనం చెవుల్లో పెట్టుకున్న యంత్రంలోని గొంతు చెప్పినచోటల్లా ఆగుతారు.

"ఈ అరుగుమీద ఇల్లాలు చింతపిక్కలు తీస్తుంటుంది," అంటుందా గొంతు. ఆ మాట రికార్డు చేసినప్పుడు ఆ ఇల్లాలు వరహాలమ్మ అత్తగారు. ఆవిడ పోయాక వరహాలమ్మ కూర్చుంది. అరుగు ఖాళీగా కనిపిస్తే నడకదారి నడిపేవాళ్లు ఇల్లు ఖాళీ చేయించేస్తారు. పగలల్లా తీసిన పిక్కల్నే సాయంత్రం మళ్లీ పండులో కూరుతుంది.

ఇవాళ కూతురు ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది.

"బాబూ, బేగి ఎల్లండి. నాను పిల్ల కాడికెల్లాల," అని బతిమాలింది. ఎవరికీ వినపడలేదు.

ఉన్నట్టుండి అందరూ చప్పట్లు కొట్టారు. ఒకామె చెవిలోది తీసి చూపిస్తూ నవ్వింది. "మనవరాలు పుట్టిందటండీ! మీ తర్వాత మీ అమ్మాయి, ఆ తర్వాత ఆ పాప ఇక్కడ కూర్చుంటారట."

వరహాలమ్మ పిక్కలన్నీ మురుక్కాలవలోకి విసిరికొట్టింది. అదీ ఇక్కడి ఆచారమే కాబోలనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.