పెద్దక్షరం, చిన్న తోక

కచేరి గుమాస్తా హనుమండ్లును తలచుకుంటే భూమన్నకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లు రాళ్లేరి, తుప్పలు కొట్టి సాగుకు తెచ్చుకున్న మూడెకరాల పది గుంటల సర్కారు భూమికి పట్టా ఇమ్మని అర్జీ పెడితే, మూడుసార్లు మొహాన కొట్టాడు.

"ఉర్దూ రోజులు పోయినయి భూమన్నా. గిప్పుడంత ఇంగ్లీషు. పేరు పెద్దక్షరంతోని మొదలువెట్టాలె. మాటకు మాటకు నడుమ కామా ఉండాలె. ఏదీ?"

"గా చిన్న తోక లేకుంటే నా భూమి ఎటన్న పారిపోతదా సారూ?"

"తహసీల్దారు బల్లమీదికి పోదు. గంతే."

భార్య శంకరవ్వ ఊరుకోలేదు. పొరుగింటి నాగయ్య అర్జీ నిరుడు ఒక్క దెబ్బకే మంజూరైంది. దాని నకలు అడిగి తెచ్చింది.

"ముగ్గు చూసి ముగ్గేసినట్టు దించు. ఒక్క చుక్క తప్పద్దు."

భూమన్న బడి మొహం చూసినవాడు కాదు. అయితే ఇంగ్లీషు అంకెలు మాత్రం వచ్చు. భైంసాకు బండి తోలి తోలి, పత్తి బేళ్ల మీది తూకాలు చూసి నేర్చినవి. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు తనవి వేసుకున్నాడు. మిగతాదంతా ముగ్గే. మూడు రోజులు పట్టింది. శంకరవ్వ పక్కనే కూర్చుని, రెండు కాగితాల మీదా వేలు పెట్టి పోల్చింది.

"ఆగు. గీడ తోక మర్శినవ్."

"అబ్బ, గద్ద కండ్లే నీయి!"

"గద్ద కండ్లు గాకుంటే నీతోని కాపురం ఎట్ల జేత్తు?"

కింద బొటనవేలు ఒత్తి, కచేరికి నడిచాడు.

హనుమండ్లు కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎర్రసిరా కలం ఒక్కొక్క కామా మీద ఆగి, ముందుకు కదిలింది. ఎక్కడా గీత పడలేదు.

"శబ్బాష్! పెద్దక్షరాలు పెద్దగనే ఉన్నయి. కామాలు కామాల జాగల్నే ఉన్నయి. గిసోంటి అర్జీ నా నౌకరిల చూడలే. ఎవరు రాసిండ్రు?"

"నేనే సారూ." భూమన్న మీసం దువ్వాడు. "జర మొత్తం సదువుండ్రి."

"సదువుడెందుకయ్యా? చూస్తనే తెలుస్తలేదా!"

దస్తూరి చూసి తహసీల్దారు కూడా మెచ్చుకున్నాడట. రెండు నెలలకు పట్టా వచ్చింది. శంకరవ్వ పొద్దున్నే ఇంటింటికీ బెల్లం పంచింది. పట్వారి చావడిలో కళ్లద్దాలు తుడుచుకుని, ఊరందరి ముందు కాగితం విప్పి చదివాడు.

మూడెకరాల పది గుంటలు, నాగయ్య పేరు మీద.