యేసుబాబు జీతంలో కోత

రాఘవేందర్‌కు తన జీతం కన్నా యేసుబాబు జీతం మీద బెంగ ఎక్కువ.

వనపర్తిలోని ఒక ప్రభుత్వ ఆఫీసులో ఆయన జీతాల బిల్లులు చూసే సీనియర్ అసిస్టెంట్. యేసుబాబు అక్కడే అటెండరు. నెల నెలా యేసుబాబు జీతంలో సగం కోసి, అతని మాజీ భార్య కృప ఖాతాకు పంపాలని కోర్టు ఉత్తర్వు. కోసేది రాఘవేందర్ చెయ్యే. కోసినప్పుడల్లా ఆయన ఒక నిట్టూర్పు విడిచేవాడు. అది పక్క సెక్షన్ దాకా వినిపించేది.

నిజానికి ఆ కోత ఊరికే పడలేదు. ఒకప్పుడు జీతం పడిన సాయంత్రానికే యేసుబాబు జేబు ఖాళీ అయ్యేది. మందుకు కొంత, పేకాటకు మిగతాది. కృప చూసి చూసి విసిగిపోయి, కూతురిని తీసుకుని ఆత్మకూరు వెళ్లిపోయింది. విడాకులయ్యాయి. భరణం కట్టకుండా తిప్పుకుంటుంటే కోర్టు నేరుగా జీతానికే కత్తెర పెట్టింది. ఇదంతా రాఘవేందర్‌కు తెలుసు. తెలిసినా, సాటి మగవాడి జీతం అలా ముక్కలవుతుంటే ఆయన చూడలేకపోయేవాడు.

పైగా ఈ మధ్య యేసుబాబు బాగుపడ్డాడు. కళ్లలో ఎరుపు తగ్గింది. చొక్కాకు గుండీలన్నీ ఉంటున్నాయి. రూము మార్చాడట. అద్దె తక్కువే కానీ దూరమట, అందుకే పొద్దున కాస్త ఆలస్యంగా వస్తున్నాడు. రాఘవేందర్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. షుగరున్న తనకు రోజూ చక్కెర లేని చాయ్ గుర్తు పెట్టుకుని తెచ్చే మనిషి మీద ఆ మాత్రం జాలి ఉండాలి కదా.

అలాంటి సమయంలో ఆత్మకూరు నుంచి చెల్లెలు శిల్ప ఫోన్ చేసింది. తనకు జాకెట్లు కుట్టే కృప మళ్లీ పెళ్లి చేసుకుందట. చర్చిలో, నలుగురి మధ్య. మొగుడిని మాత్రం శిల్ప చూడలేదు. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడట.

రాఘవేందర్ రక్తం మరిగింది. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. భరణం తీసుకునే ఆమె మళ్లీ పెళ్లాడితే వెంటనే కోర్టుకు తెలియజేయాలి. అప్పుడు కోత ఆగిపోతుంది. కృప తెలియజేయలేదు. డబ్బు మాత్రం తీసుకుంటూనే ఉంది.

యేసుబాబును పిలిచి సంగతి చెప్పాడు. అతను తల వంచుకున్నాడు.

"నాకు తెలుసు సార్. పోనీయుండ్రి."

"పోనిచ్చేదేంది? ఒక్క అర్జీ రాసియ్యి. వచ్చే నెల నుంచి నీ జీతం మొత్తం నీ చేతిల పడ్తది."

ఆ మాటకు యేసుబాబు ఉలిక్కిపడ్డాడు. "వద్దు సార్. పిల్లకు చేరుతున్నయ్ కద. గట్లనే ఉండనీ."

ఇంత మెత్తటివాడు లోకంలో ఎలా బతుకుతాడని రాఘవేందర్ బాధపడ్డాడు. వాడి తరఫున తానే కదలాలని తీర్మానించుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఆదివారం భోజనం కాగానే ఆత్మకూరు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, కృపను ఎలా కడిగేయాలో దారి పొడవునా నెమరేసుకున్నాడు.

కృప వసారాలో కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. మెడలో శిలువ గుర్తున్న కొత్త పుస్తె. ఆయనెవరో తెలియగానే లేచి కుర్చీ వేసింది. పెళ్లి సంగతి నిజమేనా అంటే నిజమేనంది.

"దొంగతనంగ చేసుకోలే సార్. మూడు ఆదివారాలు చర్చిల మా పేర్లు చదివిన్రు. అభ్యంతరం ఉన్నోళ్లు లేసి చెప్పమన్నరు. ఎవ్వరు లేవలే."

"యేసుబాబుకు తెల్వకుంట చదివితే ఎవరు లేస్తరమ్మా?"

"ఆయన ముందు వరుసలనే కూసున్నడు సార్."

రాఘవేందర్ గుండె నీరైపోయింది. విడిచిపోయిన పెళ్లాం పెళ్లి ప్రకటన వినడానికి బుద్ధిగా వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడన్నమాట పిచ్చివాడు. అసలు ప్రశ్నకు వచ్చాడు. కోర్టుకు చెప్పాలని తెలియదా? తెలుసంది. మరి ఎందుకు చెప్పలేదు? ఆమె చేతిలోని బట్ట అంచును మడిచింది, విప్పింది.

"చెప్తే కోత ఆగుతది సార్. గది ఆగిందంటే నా సంసారం మళ్ల రోడ్డు మీద పడ్తది. నాకు భయం."

"నీ భయం సరే. నీ మొగనికైన సిగ్గుండాలె కద?"

"చెప్పకు అన్నదే ఆయన సార్."

ఇక ఆయనకు ఆగలేదు. రేపు పొద్దున్నే తానే కోర్టుకు రాస్తానన్నాడు. కోత ఆగడమే కాదు, పెళ్లి తర్వాత తీసుకున్న ప్రతి రూపాయీ కక్కిస్తానంటూ కుర్చీలోంచి లేచాడు. కృప ముఖం పాలిపోయింది. లోపల కూతురు ఏదో పాఠం పైకి చదువుతోంది. ఆ బడి ఫీజు కూడా ఈ కోతలోంచే కడుతున్నట్టుంది. కృప కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, చాయ్ తాగి పోండ్రి సార్ అంది.

"ఆయన ఇంట్లనే ఉన్నడు. నా మాట వద్దు, ఆయన్నే అడుగుండ్రి."

రాఘవేందర్ మళ్లీ కూర్చున్నాడు. ఒకడి కష్టం మీద పడి తినే ఆ సిగ్గులేని ముఖం ఒక్కసారి చూడాలనిపించింది. నాలుగు మాటలు అంటించి పోదామని చొక్కా చేతులు కూడా పైకి మడుచుకున్నాడు. తలుపు తెర పక్కకు జరిగింది.

"చక్కెర వెయ్యలే సార్," అంటూ చాయ్ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఆఫీసులో నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు యేసుబాబు.