ఇంటిపేరు

"అమ్మా, కబురు పెట్టారటండీ" అంటూ ఎల్డర్ నక్కా గడప దగ్గర బూట్లు విప్పాడు. ఎల్డర్ కొత్తూరి మాత్రం కింది మెట్టు మీదే నిలబడిపోయాడు.

తాండూరు గంజ్ వెనక సందులో, నాపరాళ్లు పరిచిన పాత ఇల్లది.

ఇద్దరూ మోర్మన్ మిషనరీలు. తెల్ల చొక్కా, నల్ల టై, జేబు మీద పేరు పలక. వాళ్ల పద్ధతిలో మిషనరీని ఎల్డర్ అంటారు. ఎల్డర్ అంటే పెద్ద. ఈ పెద్దలిద్దరికీ కలిపి నలభై మూడేళ్లు. సేవలో ఉన్న రెండేళ్లూ ఇంటిపేరే పిలుపు, సొంత పేరు ఎవరూ ఎత్తరు. నక్కా అని వినగానే వీధిలో పిల్లలు ఊళ వేస్తారు. అతనికి అలవాటైపోయింది.

అతను రాజమండ్రివాడు. వచ్చి నాలుగు రోజులైంది, ఇక్కడి యాస సగం అర్థం కాదు. కొత్తూరికి బాగా వచ్చు. ఈ వైపు వద్దని కొత్తూరి మూడుసార్లు బతిమాలుకున్నాడు. యాస తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరని వికారాబాద్‌లో గది చూపించి పంపారు. ఎక్కడికైనా జంటగానే వెళ్లాలన్నది నియమం. పొద్దున రైల్లో వస్తున్నంతసేపూ కొత్తూరి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ఇంటావిడ కస్తూరమ్మ ఒక్క గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి నక్కా చేతికిచ్చింది. కొత్తూరి వైపు చూడనైనా లేదు.

"పోయినోళ్లకు మీరేదో చేస్తరట గద బాబూ? పక్కింటి కరుణ చెప్పింది."

"చేస్తామండీ. వాళ్ల పేరు మీద ఒకరు బాప్తిస్మం తీసుకుంటారు. దాంతో వాళ్లకి పై లోకంలో శాంతి."

"నా కొడుక్కు చెయ్యున్రి. వానికి నెమ్మది లేదు. ఇంక తిర్గుతనే ఉన్నడు."

నీళ్లు తాగుతున్న నక్కా గ్లాసు దించాడు.

"యాలాల్ బస్సుల చూసినమని కొందరు. కరణ్‌కోట కాడ చూసినమని కొందరు. తెల్లబట్టల్ల కనవడ్డడట. నేను సుత ఒకనాడు టేషన్ల చూసిన. పిలుద్దామంటె నోరు రాలే."

గోడ మీద ఏడో తరగతి పిల్లాడి ఫొటో, దానికి తాజా చామంతి దండ. కొత్తూరి అటు తలెత్తలేదు. వెళ్లిపోదాం ఎల్డర్ అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ ఈమె నోట ఆ కొడుకు పేరు ఒక్కసారైనా వినకుండా బయటపడితే, ఇక ఈ జన్మలో ఈ గడప తొక్కలేడు. అందుకని నిలబడ్డాడు.

నక్కా కాగితం తీశాడు. "పేరండీ?"

"ధనరాజ్."

కొత్తూరి కళ్లు మూసుకున్నాడు.

"ఇంటిపేరు?"

"రాయకు బాబూ. ఇల్లిడిచి పోయినోనికి ఇంటిపేరెందుకు?"

ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

"ఎలా పోయారండీ?"

"నీళ్లల్ల మునిగిండు. మాకు మల్ల దొర్కలే. వాళ్ల నాయినె పిండం పెట్టిండు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉన్నట్టుండి అడిగింది. "బాబూ, మీరు యాళ్లకు తింటరా? నీ ఎంబడి ఉన్నోళ్లు తింటరా? చలికి దగ్గొస్తె మందులెవరిస్తరు?"

నక్కా నవ్వాడు. "ఒకరినొకరం చూసుకుంటామండీ."

"చూస్కోన్రి. జర మంచిగ చూస్కోన్రి."

ఫొటో కింద పళ్లెంలో రెండు భక్ష్యాలున్నాయి, నక్కా వైపు బొబ్బట్లంటారు. "గివంటె వానికి పానం. దినాం పెట్టి, మాపటికి పిట్టగోడ మీద ఏస్త. కాకి సుత ముడ్తలేదు" అంటూ, పుట్టినరోజు రాసిపెట్టిన పుస్తకం కోసం ఆమె లోపలికి వెళ్లింది.

నక్కా తల వంచి రాసుకుంటున్నాడు. కొత్తూరి బూట్లు విప్పి, మెట్లెక్కి లోపలికి వచ్చాడు. చెయ్యి పళ్లెం మీదికి పోయింది. పోయినవాడికి పెట్టింది తినకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా ఒకటి తీసుకుని నోట్లో కుక్కుకున్నాడు. గొంతుకు అడ్డం పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గు అణుచుకున్నాడు.

కస్తూరమ్మ తిరిగొచ్చి పళ్లెం చూసింది. పుస్తకం చేతిలోంచి జారిపోయింది.

"ముట్టిండు" అంది గోడతో చెబుతున్నట్టు. "నా కొడుకు ముట్టిండు."

నక్కా తలెత్తి పళ్లెం చూశాడు. రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. గోడకు దూరంగా జరిగాడు.

ఆమె గబగబా వంటింట్లోకి వెళ్లి రెండో గ్లాసు తెచ్చింది. పళ్లెం పక్కన పెట్టి, అటు వీపు తిప్పుకుని నిలబడింది. "ఉత్త భక్ష్యం తింటె వానికి పొలమార్తది" అంది.

నక్కా మళ్లీ కాగితం అందుకున్నాడు. "పోయిన తేదీ ఒక్కటి చెప్పండమ్మా, వెళ్లిపోతాం."

"తేదీ ఎర్క లేదు. మూడేండ్లాయె. రాఖీ పున్నమైనంక వచ్చిన ఆదివారం. చెల్లె కట్టిన రాఖీ ఇంక చేతికే ఉండె."

నక్కా ఫోనులో క్యాలెండర్ వెనక్కి తిప్పి, 2022 ఆగస్టు 14 అని రాశాడు.

ఆ ఆదివారం హైదరాబాద్ చర్చిలో తెల్లబట్టలతో, చేతికి చెల్లెలి రాఖీతో బాప్తిస్మపు నీళ్లలో మునిగి లేచిన కొత్తూరి ధనరాజ్, ఫొటో కింద గ్లాసు అందుకుని గడగడా తాగాడు.