దాచిన అంకె

చైనాలోని లోయాంగ్‌లో బస్సు నడిపే గెంగ్‌కు షుగర్ ఉంది. చిన్న పక్షవాతంతో మా వార్డులో చేరాడు. కుడిచెయ్యి కాస్త బరువెక్కిందంతే, మాట గలగలా వస్తోంది.

పొద్దున ఆయన మంచం పక్కనే నిలబడి రక్తపరీక్ష కాగితం చదివాను. ఒంట్లో వాపును చూపే అంకె ఒక్కరోజులో నాలుగింతలైంది. అలాంటివాళ్ళకు పక్షవాతం ముదరడం చాలాసార్లు చూశాను. మందులన్నీ ఇస్తూనే ఉన్నాం. భయపెట్టడమెందుకని ఆ సంగతి చెప్పలేదు.

"పిన్నిగారికి ఒకసారి ఫోన్ చెయ్యండి బాబాయ్," అన్నాను.

"రెండేళ్ళ కిందట పోట్లాడి చెల్లెలింటికి వెళ్ళిపోయింది తల్లీ. ఆవిడ తిట్లకు తొందరేముంది?" అని నవ్వాడు.

మధ్యాహ్నానికి మాట పడిపోయింది. కుడివైపంతా చచ్చుబడింది.

కబురు పంపితే సాయంత్రం ఆయన భార్య వచ్చింది. "మిమ్మల్నే తలుచుకున్నారమ్మా," అని అబద్ధమాడాను.

"తెలుసు డాక్టరుగారూ. పొద్దున ఫోన్ చేసి గంటసేపు క్షమించమని బతిమాలాడు. ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకయ్యా అంటే, 'కాగితం చదువుతున్నప్పుడు డాక్టరమ్మ మొహం చూశాను, నాకిక ఎంతోసేపు మాట ఉండదు' అన్నాడు."

అప్పట్నుంచి ఏ మంచం దగ్గరికి వెళ్ళినా, రోగి నా మొహమే చదువుతున్నట్టుంటుంది.