చివర్న చెప్పాల్సిన మాట

“నేను తాగను. ఎవరితోనూ గొడవపడను. బెస్ట్ ఆఫ్ ఆల్, నాకు సైకిల్ బాగుచేయడం వచ్చు,” అన్నాడు చిసాలే ఇంగ్లీషులో.

కాయిరా మాస్టారు తల పట్టుకున్నారు.

“సైకిలా? బోర్డువాళ్లు రాజధాని లిలాంగ్వే నుంచి ఇంత దూరం నీచేత పంచరు వేయించుకోడానికొస్తున్నారా?”

“మా ఊళ్లో అందరూ నన్ను దానికే మెచ్చుకుంటారు మాస్టారూ.”

“అడిగేది మీ ఊరు కాదయ్యా, బోర్డు. బెస్ట్ ఆఫ్ ఆల్ అన్నాక వచ్చే మాటే వాళ్లకు గుర్తుండేది. నీలో అన్నిటికన్నా గొప్పది అక్కడ పెట్టాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

ఉత్తరాన కొండల్లో ఉన్న ఆ జైలుకు చిసాలే వచ్చి తొమ్మిదేళ్లయింది. భార్యా పిల్లలు ఎక్కడో దక్షిణాన, మంగోచీలో, సరస్సు ఒడ్డున ఉన్నారు. బోర్డు సరేనంటే వాళ్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. ఇప్పటికి రెండుసార్లు కాదంది. రెండుసార్లూ తన గురించి నాలుగు మంచి మాటలు ఇంగ్లీషులో చెప్పుకోలేక నీళ్లు నమిలాడు. ఈసారీ అంతే అయితే తన దారి తాను చూసుకుంటానని భార్య కబురు పెట్టింది. బోర్డు గురువారం వస్తోంది.

మాస్టారు చిరాకుపడుతూనే ఉడికిన కర్రపెండలం ముక్క నోట్లో వేసుకున్నారు. చిసాలే తెచ్చిందే. ఆయన పాఠానికి ఏమీ పుచ్చుకోరు. తిండి పెడితే మాత్రం వద్దనరు.

“మొన్న వానలకు వెనక గోడ కూలినప్పుడు నువ్వేం చేశావు?”

“ఏముంది, ఇక్కడే ఉన్నాను.”

“సగంమంది పరుగో పరుగు. నువ్వు పోలేదు. మట్టికింద ఇద్దర్ని చేతులతో తవ్వి లాగావు. నీ గోళ్లు ఊడిపోవడం నేను చూశాను.”

“అదేం గొప్ప మాస్టారూ? లోపల మనుషులు అరుస్తుంటే ఎట్లా పోతాను?”

“అదేనయ్యా నీ బెస్ట్ ఆఫ్ ఆల్!” మాస్టారు బల్ల గుద్దారు. “బంగారంలాంటి మాట పెట్టుకుని సైకిల్ అంటావేంటి? నా ప్రాణం తీస్తున్నావు. మళ్లీ చెప్పు.”

చిసాలే లేచి నిలబడ్డాడు. తాగనన్నాడు. గొడవపడనన్నాడు. గోడ సంగతి తడబడకుండా చెప్పాడు. మాస్టారి మొహం విప్పారబోయింది.

“అండ్ బెస్ట్ ఆఫ్ ఆల్,” అన్నాడు చిసాలే, “నాకు ఇక్కడ కాయిరా మాస్టారు దొరికారు.”

మాస్టారు చేతిలోని కర్రపెండలం ముక్క పక్కన పెట్టారు.

“ఆ మాట తీసెయ్,” అన్నారు.

“నిజమే కదా. గొప్పది చివర్న పెట్టమన్నారుగా.”

“నా పేరెత్తావంటే నీ పని అయిపోయినట్టే. ఎందుకో నీకూ తెలుసు.”

చిసాలేకు తెలుసు. అందుకే ఒళ్లు మండింది. ఎన్నాళ్లకో ఒక మంచి మాట దొరికితే అది నోరు దాటకూడదు.

“మరి మీ గురించి చెప్పాల్సొస్తే చివర్న ఏం చెబుతారు మాస్టారూ?”

“నన్నెవరూ అడగరులే,” అన్నారాయన, చేతులు దులుపుకుంటూ.

గంట కొట్టారు. ఇద్దరూ వరండాలో నడిచారు. గురువారం పని జరిగితే ఇక ఈ పాఠాలుండవు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు. వరండా చివర మాస్టారు ఆగి, “సైకిల్ మాత్రం అనకు,” అన్నారు మెల్లగా.

అంతలో మలుపులో జైలరు బూట్ల చప్పుడు వినబడగానే చిసాలే నిటారుగా నిలబడి, “పదిహేడో నంబరూ, లోపలికి నడువ్,” అని గద్దించి, మాస్టారి వెనక ఊచల తలుపు మూసి తాళం తిప్పాడు.